టక్కుమనే చోట

హిందూపురంలో సెలూన్ కుర్చీలో తల వెనక్కి వాల్చినవాడికి మడతకత్తి గురించి వేరే చెప్పక్కర్లేదు. సెలూన్ ఆయన బ్లేడును కాగితం విప్పకుండానే వంచి పుటుక్కున విరుస్తాడు. సగం ముక్క కత్తిలోకి, మిగతా సగం తర్వాతి గడ్డానికి. వెనకటి కత్తికి ఈ విరుపుల గొడవ లేదు, దాని అలుగే ఉక్కు. రాతి మీద నూరి, తోలుపట్టీ మీద అటూ ఇటూ తిప్పి పదును తెచ్చేవారు. ఎయిడ్స్ భయం ఊరూరా పాకాక ఆ అలుగు పోయింది. మడత మాత్రం నిలిచింది.

మన ఇళ్లలో కత్తులకు ముడుచుకునే అలవాటు లేదు. కత్తిపీట తలెత్తుకునే ఉంటుంది, కొడవలి చూరులో వేలాడుతుంది. పల్లె కొలిమిలో లారీ కమాను పట్టీ కొడవలిగా మారడం మామూలే. అదే తరహా స్ప్రింగు ఉక్కును అమెరికాలో చేతిపని కత్తులవాళ్లు 5160 అని నంబరు పేరుతో కొంటారు. ఇక చాకు అంటే సినిమా రౌడీ చేతిలో విచ్చుకునే రాంపురి. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ 2023లో తన చాకును కూడలిలో విగ్రహంలా నిలబెట్టుకుంది కూడా.

మడిచే కత్తి చేయడం మామూలు కత్తి చేయడం కంటే చాలా చిరాకు పని. అలుగు, రెండు పిడి చెక్కలు, ఇరుసు మేకు, వెన్ను వెంట ఒక స్ప్రింగు పట్టీ: ఇంతే సామాను. కానీ అలుగు తెరిచినా, సగంలో ఆపినా, మూసినా స్ప్రింగు వీపు పిడితో సమంగా ఉండాలి. వేలితో రాస్తే ఎక్కడా గీర తగలకూడదు. అలుగు మొదట్లో ఆకురాయి ఒక్క రుద్దు ఎక్కువ పడిందా, తెరిచినప్పుడు కుదిరింది మూసినప్పుడు కుదరదు. అన్నీ కుదిరితే వచ్చేది ఒక చప్పుడు. టక్. ఇంగ్లీషు పనివాళ్లు దీన్ని కత్తి నడక, కత్తి మాట అంటారు. ఫ్రాన్స్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన చాకు ఈ స్ప్రింగునే వద్దనుకుంది. దాని మెడకు తాళం వేసే ఉంగరం 1955లో గానీ రాలేదు.

ఉక్కు సంగతికొస్తే తెలుగువాళ్లు కొంచెం మీసం తిప్పొచ్చు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. పాశ్చాత్యులు పలికిన ‘వూట్జ్’కు మూలం దక్షిణాది ‘ఉక్కు’ మాటేనని చాలామంది పండితులు అంటారు. ఈనాటి కత్తులపై కనిపించే నీటి అలల్లాంటి గీతలు ఎక్కువగా రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి, ఆమ్లంలో ముంచి తేల్చినవి. కోనసముద్రం పద్ధతి అది కాదు.

ఇంత చేసి ఫొటో తీయబోతే అసలు తంటా. మెరుగుపెట్టిన అలుగు అద్దమే. అందులో ఫోను, తీసేవాడి మొహం, పైన తిరిగే ఫ్యాను, అన్నీ ఉంటాయి, కత్తి తప్ప. మందు సులువైనదే. కిటికీకీ కత్తికీ మధ్య తెల్ల పంచె కట్టాలి. వెలుగు మెత్తబడుతుంది. పక్కన ఒక నల్ల అట్టముక్క నిలబెడితే దాని నీడ అలుగులోకి దిగి, వాదర ఎక్కడ మొదలైందో గీత గీసినట్టు కనబడుతుంది. వేలిముద్ర ఒక్కటి ఉన్నా ఫొటోలో అదే ముందు కనబడుతుంది.

ధర్మవరంలో పట్టుచీరల ఫొటోలు తీసేవాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. ఫ్లాష్ కొడితే జరీ తెల్లగా మండిపోతుంది, అంచు పని కాస్తా మాయం. ఆ మండలంలోనే ఉన్న నిమ్మలకుంటది తిరగేసిన లెక్క. 2020 పద్మశ్రీ అందుకున్న తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు ఊరది. మేకతోలు బొమ్మ నగల్లో ఉలితో కొట్టిన చిల్లులు పండాలంటే దీపం వెనకుండాలి.

పెనుకొండ కోటను ఎటునుంచి తీసినా ఫొటోలో కోటే. మడతకత్తి ఫొటోలో మాత్రం సగమే వస్తుంది. అందుకే కత్తుల ప్రదర్శనల్లో కొనేవాడు ఫొటో చూసి వచ్చినా, చేతిలోకి తీసుకోగానే మొదట చేసే పని తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చెవి ఒగ్గడం. ధర్మవరంలో చీర కొనే ఆవిడ కూడా ఫోనులో చూపించిన బొమ్మ పక్కన పెట్టి, అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతుంది.