లెక్క సరిపోయింది

మిర్యాలగూడ రైస్‌మిల్లులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా లెక్కలు రాసిన తాత, ఓ రాత్రి మనవడితో కలిసి టీవీలో 'ఫెంటాస్టిక్ వాయేజ్' చూశాడు. 1966 నాటి సినిమా. శాస్త్రవేత్త మెదడులో రక్తం గడ్డకడితే, వైద్య బృందాన్ని జలాంతర్గామితో సహా కంటికి కనిపించనంత చిన్నగా మార్చి రక్తనాళంలోకి పంపుతారు. గడువు అరవై నిమిషాలు. మనుషులు కన్నీటి చుక్కలో బయటపడతారు. ఓడను మాత్రం తెల్లరక్తకణం మింగేస్తుంది.

"ఓడ లోపట్నే ఉండిపాయె గదరా! గంట దాటితే పెద్దగవ్వాలె. లెక్క కుదర్లే" అన్నాడు తాత.

ఏళ్లు గడిచాయి. కోదాడలో ఉద్యోగం చేస్తున్న మనవడికి సూర్యాపేటలో పాత పుస్తకాల మధ్య ఆ సినిమా నవల దొరికింది. స్క్రీన్‌ప్లే ఆధారంగా ఐజాక్ అసిమోవ్ రాశాడు. సినిమా కన్నా నవలే ముందొచ్చింది. అందుకే నవలనే సినిమాగా తీశారని చాలామంది పొరబడ్డారు. బస్సులోనే చివరి పేజీలు చదివాడు. అసిమోవ్‌కూ తాత సందేహమే వచ్చింది! ఓడను మింగిన కణాన్ని కూడా కంటిదాకా రప్పించి బయటికి తెచ్చాడు.

ఆ ఆదివారమే మిర్యాలగూడ వెళ్లాడు. తాతకు అప్పటికే పక్షవాతం. ఆయన మెదడులోనూ రక్తం గడ్డకట్టింది. మాట రావడంలేదు. మంచం పక్కన కూర్చుని ఆ పేజీలు తెలుగులో చెప్పాడు మనవడు.

తాత చాలాసేపు కదల్లేదు. తర్వాత, పనిచేస్తున్న చేతిని మెల్లగా ఎత్తి గాలిలో టిక్కు పెట్టాడు.