ష్టెక్లిన్ సరస్సు నుంచి ఉత్తరాలు

నోయ్‌గ్లోబ్సో, మంగళవారం

అమ్మా,

క్షేమంగా చేరాను. బెర్లిన్‌లో రైలెక్కి ఉత్తరాన ఫ్యుర్‌స్టెన్‌బెర్గ్‌లో దిగి, అక్కణ్ణించి బస్సులో వచ్చాను. దారంతా బీచ్ చెట్ల అడవి. ఆ అడవి నడుమనే ష్టెక్లిన్ సరస్సు. లోతు దాదాపు 70 మీటర్లట. ఒడ్డున నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. జనం ఇక్కడికి ఈతకొస్తారు, థియొడోర్ ఫాంటానె నవలలోని సరస్సును చూడ్డానికొస్తారు. నేను మాత్రం దీని బురదలో బతికే అక్రోమేషియం అనే బాక్టీరియా కోసం వచ్చాను.

బుధవారం

అమ్మా,

ఇవాళ దాన్ని కళ్ళారా చూశాను. సరస్సుల మీద పరిశోధన చేసే స్నేహితురాలు ఒడ్డువార పైపై బురద తీసి సన్నటి జల్లెడలో వడకట్టింది. దాన్ని గాజు పళ్ళెంలో వేసి, నువ్వు బియ్యంలో రాళ్ళు గాలించినట్టే తిప్పుతూ నీళ్ళు వంపింది. తేలికమట్టి పోయి అడుగున తెల్లటి నలుసులు మిగిలాయి. ఒక్కో నలుసూ ఒక్కో బాక్టీరియా! మామూలు బాక్టీరియా పొడవు ఒకటి రెండు మైక్రాన్లు. ఇది 125 మైక్రాన్ల దాకా పెరుగుతుంది.

మైక్రోస్కోపులో పెట్టి చూస్తే కోలగా ఉన్న ఒంటి నిండా మెరిసే గుళికలు. అవి సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేటే. ఆ బరువుకే ఇవి పళ్ళెం అడుక్కి దిగిపోయాయి. గుళికల సందుల్లో చిన్న చిన్న గంధకపు చుక్కలు. ఒక కణం నడుం దగ్గర నొక్కుకుపోయి, రెండుగా విడిపోబోతోంది.

గురువారం

అమ్మా,

అది ఏం తిని బతుకుతుందని నాన్న అడిగారని ఫోన్‌లో అన్నావు. బురద లోపల ప్రాణవాయువు ఉండదు, కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. పైన నీటిలో ప్రాణవాయువు ఉంటుంది. ఈ రెండూ కలిసే పొరలో దీని కాపురం. సల్ఫైడ్‌ను గంధకంగా, గంధకాన్ని సల్ఫేట్‌గా మార్చి, ఆ శక్తితో బతుకుతుంది.

షెవియకోఫ్ అనే శాస్త్రవేత్త 1893లోనే దీన్ని వర్ణించాడు. అసలు వింత 2017లో బయటపడింది. ఈ సరస్సులోని కణాలనే పరిశీలిస్తే, ఒక్కోదానిలో దాదాపు 300 క్రోమోజోములు ఉన్నాయని, అవన్నీ ఒకే మూసవి కావని తేలింది. ఒక గుంపులోని వేర్వేరు బాక్టీరియాల మధ్య ఉండేంత తేడా ఒక్క కణంలోనే ఉంది! ఏకకణజీవి అంటే అతి సాదా ప్రాణి అని బళ్ళో చదువుకున్నాం. ఆ మాట ఇక నా నోట రాదు.

ఇన్నేళ్ళయినా దీన్ని ల్యాబులో విడిగా పెంచలేకపోయారు. దీన్ని పరిశోధించాలంటే బురద దగ్గరికే రావాలి. అందుకే సరస్సును కాపాడడమంటే పైనున్న తేటనీటిని కాపాడితే సరిపోదు, కింది బురదనూ కాపాడుకోవాలి. ఈ మాట నాన్నకు తప్పకుండా చదివి వినిపించు.

నీ అమ్మాయి