బెల్‌డాంగీలో ఒక పూట

న్యూ జల్‌పాయ్‌గురిలో రైలు దిగి, మేచి నది వంతెన దాటితే నేపాలు. అక్కడినుంచి తేయాకు తోటల నడుమ బస్సులో పడమరకు పోతే దమక్ వస్తుంది. యాత్రికులు పనిగట్టుకుని వచ్చే ఊరు కాదు. 2012లో నేను వెళ్ళింది ఆ ఊరి చెంతనున్న బెల్‌డాంగీ శరణార్థి శిబిరానికి, అక్కడ పనిచేసే ఒక డాక్టరు మిత్రుడి వెంట.

1990 ప్రాంతంలో భూటాన్ నుంచి వెళ్ళగొట్టబడిన నేపాలీ భాషవారు లక్షమందికి పైగా ఇటువంటి శిబిరాల్లో, వెదురు తడికల ఇళ్ళలో తలదాచుకున్నారు. స్వదేశం మళ్ళీ రానివ్వలేదు. 2008 నుంచి అమెరికా మొదలైన ఎనిమిది దేశాలు వారిని పిలుచుకున్నాయి. పదేళ్ళలో 1,13,000 మంది దాకా వెళ్ళిపోయారు.

శిబిరాల మంచిచెడ్డలు అప్పట్లో ఐక్యరాజ్య సమితి శరణార్థి సంస్థ చూసేది. ప్రయాణం చేయించింది అంతర్జాతీయ వలస సంస్థ. విమానం ఎక్కేముందు ఛాతీ ఎక్స్‌రే తీసేవారు. అందులో అనుమానం తగిలితే కఫం పరీక్ష; అది తేలడానికి ఎనిమిది వారాలైనా పట్టేది. క్షయ అని తేలిందా, మందు పూర్తయ్యేదాకా ప్రయాణం ఉండేది కాదు.

సంతలో గొడ్లను చూసినట్టు ఇదేమిటని నాకు మండింది. మందుల గది ముందున్న ఒక ముసలాయనతో అదే అన్నాను. ఆయన నర్సు ఎదుట మాత్రలు మింగి, నోరు తెరిచి చూపించి వచ్చాడు.

"మాయీ నది ఇసుకలో గుడిసెలు వేసుకున్న రోజుల్లో మా తమ్ముడు దగ్గి దగ్గి పోయాడు బాబూ. ఏ జబ్బో కూడా తెలియదు," అన్నాడు. "నాకు కోపమల్లా మా అబ్బాయి మీద. టిక్కెట్లు వచ్చినా నన్ను విడిచి పోనంటాడు. పిల్లల చదువు ఏం గాను?"

ఈ పరీక్షలు ఆ దేశాలు తమ క్షేమం కోసం పెట్టుకున్నవే, సందేహం లేదు. అయితేనేం, మందు ఈయన కడుపులో పడుతోంది. ప్రయాణం లేని దమక్ కూలివాడికి ఇంత శ్రద్ధ దొరుకుతుందా అంటే, అది వేరే సంగతి.

ఆయన గుమ్మం మీద బొగ్గు గీతలున్నాయి, రోజుకొకటి. ఆరు నెలల్లో ఇంకా నలభై మిగిలాయట. చాయ్ ఇచ్చి అడిగాడు:

"అమెరికాలో వెదురు దొరుకుతుందా బాబూ?"

తెలియదన్నాను.