ఆరంభపత్రము



మన నగరిలో మగ్గపు చప్పుడు వినబడని వీథులు అరుదు. నా తండ్రిగారును చేమగ్గముపై నేసినవారే. బట్ట నేయుటకంటె పడుగు సిద్ధపఱచుటయే కష్టమని వారు తఱచుగా చెప్పుచుండిరి. అచ్చులో ఒక పోగు తప్పినచో, ఆ లోపము బట్ట పొడవునను కనబడును. ఈ మాటలోని సత్యమును నేను మగ్గమునొద్ద గాక కంప్యూటరునొద్ద నేర్చుకొంటిని. ఆ సంగతి మీకు తెలుపుటకే ఈ నాలుగు మాటలు.

ఈమాక్సు అను వ్రాతపనిముట్టు ఒకటి కలదు. 1976వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునందు రిచర్డ్ స్టాల్మన్, గై స్టీల్ మొదలగువారు దీనికి తొలిరూపము కల్పించిరి. నేడు వాడుకలోనున్న గ్నూ ఈమాక్సును స్టాల్మన్ గారు 1985లో వెలువరించిరి. దీని లోపలి వ్రాతనంతయు ఎవరైనను చదువవచ్చును, తమకు వలసినట్లు మార్చుకొనవచ్చును. అట్లు మార్చుటకు వాడు భాష లిస్పు కుటుంబమునకు చెందినది. మొదటి లిస్పు భాషను జాన్ మెకార్తీ గారు 1958లో రూపొందించిరి.

ఈమాక్సు తెఱువబడగానే మన ఆజ్ఞలకై ఇనిట్.ఎల్ అను చిన్న పత్రమును చదువును. దానినే నేను ఆరంభపత్రమనుచున్నాను. అక్షరములెంత పెద్దవిగా నుండవలెను, ఏ మీట నొక్కిన ఏ పని జరుగవలెను, ఏ భాషలో వ్రాయవలెను అను ఆజ్ఞలు అందుండును. ప్రతి ఆజ్ఞయు కుండలీకరణముల నడుమ నుండవలెను. తెలుగు వ్రాయుటకు ఇట్రాన్సు పద్ధతిని ఎంచుకొని నేనొక ఆజ్ఞ వ్రాసికొంటిని. కంట్రోలు మీటతో వెనుకకు వాలిన గీతను నొక్కి, ఇంగ్లీషు మీటలతో ఏ, ఎమ్, ఎమ్, ఏ అని కొట్టినచో తెరపై అమ్మ అను మాట నిలుచును. మొదటిసారి దానిని చూచినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

ఆ సంతోషము క్రమముగా గర్వమాయెను. ఇతరుల పత్రములనుండి అర్థము తెలియకయే అనేక పంక్తులు తెచ్చి నాదానిలో అతికించితిని. ఒకనాటి సాయంకాలము విద్యార్థుల వ్యాసములను ముద్రణకొఱకు సిద్ధము చేయుచుంటిని. మఱునాటి ఉదయమే వానిని పంపవలెను. అంతలో మఱియొక క్రొత్త ఆజ్ఞను పత్రము మొదట చేర్చి, పనిముట్టును మూసి మరల తెఱచితిని. తప్పు జరిగినదను మాట తెరపై కనబడెను. తెలుగు రాలేదు. రెండు గంటలు పెనుగులాడినను ఫలము లేకపోయెను.

తొమ్మిదవ తరగతి బాలుడొకడు, నేతవారి కుమారుడు, నా వెనుక నిలిచి, “అయ్యగారూ, నేను చూడవచ్చునా?” అని అడిగెను. “నీకేమి తెలియునురా! పొమ్ము” అని కసరితిని. వాడు పోక, మెల్లగా, “చివర చేర్చినదేది అయ్యగారూ?” అనెను. చూపితిని. వాడు పోగులు లెక్కించినట్లు వ్రేలితో లెక్కించి, “తెఱచినవి ఏడు, మూసినవి ఆఱే” అనెను. ఒక్క కుండలీకరణము మూయకుండుటచేత క్రిందనున్న ఆజ్ఞలన్నియు దానిలో చిక్కుకొని నెఱవేరకపోయెను. దానిని మూసి మరల తెఱవగా తెలుగు వచ్చెను. వ్యాసములు సమయమునకు చేరెను. మఱునాడు తరగతిలో అందఱియెదుట ఆ బాలుని క్షమాపణ కోరితిని. ఉపాధ్యాయుడు తప్పొప్పుకొనుట చూచి పిల్లలు నవ్వలేదు. నిశ్శబ్దముగా వినిరి.

అప్పటినుండి కొన్ని నియమములు పెట్టుకొంటిని. అర్థము కాని పంక్తిని చేర్చను. ఒకేసారి రెండు మార్పులు చేయను. మార్చుటకు ముందు ప్రతి యొకటి వేఱుగా దాచెదను. అర్ధవిరామ చిహ్నము తరువాత ఆ పంక్తిలో వ్రాసినది యంత్రము లెక్కగొనదు గనుక, ఆజ్ఞ యేల వ్రాసితినో అచ్చట తెలుగులో వ్రాసెదను. పత్రము చెడినను, చిన్న అడ్డుగీతయు క్యూ అను అక్షరమును చేర్చి ప్రారంభించినచో, ఈమాక్సు ఆ పత్రమును చదువకయే పని చేయునని పిమ్మట తెలిసినది. ఆ రాత్రి అది యెఱుగనైతిని.

నేడు నా పత్రము మిక్కిలి చిన్నది. అందలి ప్రతి పంక్తికి కారణము చెప్పగలను. మీరును ఏ పనియైనను ఆరంభించునప్పుడు, ఇతరులనుండి తెచ్చుకొన్నదానిని అర్థము చేసికొని గాని మీదిగా చేసికొనకుడు. చిన్నవాడు తప్పు చూపినచో వినుడు. పడుగు సరిగా నున్నచో నేత సుఖముగా సాగును.