క్రొత్త యింటిలో మా పిల్లి

పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు త్రిప్పునను మాట మన మందఱ మెఱిగినదే. దీనినిబట్టి పిల్లికి ఇల్లు మారుట లెక్కలేని పనియని తలచువారు కలరు. తల్లిపిల్లి తన బిడ్డల రక్షణకై తానే చోటు వెదకి మారుట వేఱు. మనము దానిని బుట్టలోబెట్టి మూతవేసి కొనిపోవుట వేఱు. కుక్క మనిషిని నమ్ముకొని యుండును, పిల్లి చోటును నమ్ముకొని యుండునని పెద్దలందురు. ఆ మాటలో చాల సత్యమున్నదని నేనీ సంవత్సరము కన్నులార చూచితిని.

మావారికి హైదరాబాదునకు బదిలీ యగుటచే, రాజమహేంద్రవరములోని పెంకుటింటిని విడిచి నాలుగవ అంతస్తులోని యొక ఫ్లాటునకు రావలసి వచ్చినది. ఆ యింట మా అత్తగారు నలువదియైదేండ్లు కాపురము చేసిరి. పిల్లి చిట్టి ఆ యింటి అటుకమీదనే పుట్టినది. "పిల్లిని ఇక్కడనే వదలుడు, ఎవరో ఒకరు ఇంత అన్నము పెట్టకపోరు" అని బంధువులు చెప్పిరి. అత్తగారు నావంక తిరిగి, "నన్ను వదిలి వెడతారుటే అమ్మాయీ, దాన్ని వదలడానికి?" అనిరి. ఇంక మాటలాడువారు లేరు.

నాలుగువందల కిలోమీటర్ల దారి పొడవునను అది బుట్టలో అఱచుచునే వచ్చినది. గృహప్రవేశమునాడు ఆవును నాలుగవ అంతస్తునకు ఎక్కించుట సాధ్యముకాక, వెండి ఆవుదూడల బొమ్మను ముందుంచుకొని గడప దాటితిమి. చిట్టిని మాత్రము ఇల్లంతయు చూపలేదు. అత్తగారి గదిలో విడిచి తలుపు వేసితిమి. పిల్లికి క్రొత్తచోట ఒక్కసారిగా ఇల్లంతయు ఇచ్చిన బెదరిపోవును. ఒక్క గది ఇచ్చిన, అది తనదనుకొన్న పిమ్మట రెండవ గదికి తానే వచ్చును. ఆ గదిలో ఒకమూల ఇసుకతొట్టి, దానికి దూరముగా తిండి, నీరు, నక్కుటకు ఒక అట్టపెట్టె ఉంచితిమి. అత్తగారు తమ పాత చీర నొకదానిని ఉతుకకుండ మూటలో దాచి తెచ్చి పెట్టెలో పఱచిరి. వారికి శాస్త్రము చెప్పినవారు లేరు. పిల్లి చెక్కిళ్ళయందు, గడ్డము క్రిందను వాసనగ్రంథులు కలవు. తలుపులకు, గోడలకు, మన కాళ్ళకు అది ముఖము రాయుట గారాబమొక్కటే కాదు. తన గుర్తు వేసికొనుట. తన గుర్తులేని యింట దానికి నిద్ర పట్టదు. ఆ చీరలో పాత యింటి వాసన ఉన్నది.

మొదటి దినమంతయు అది మంచము క్రిందినుండి కదలలేదు. రెండవ రాత్రి, అందఱు నిద్రించిన పిమ్మట, చేప కలిపిన అన్నము కొంచెము తిన్నది. రెండుదినములు గడచినను ముట్టని యెడల పశువైద్యునకు చూపవలెను. నిరాహారము పిల్లి కాలేయమును చెఱచును. పాలు పోయుడని చెప్పువారి మాట మాత్రము వినవలదు. పెరిగిన పిల్లులలో పెక్కింటికి పాలు అరుగక విరేచనములగును.

క్రొత్త యింటి నేలను ఫినాయిలుతో కడుగుట మన అలవాటు. పిల్లి ఆ తడిపై నడచి పాదములను నాకుకొనును. ఆ మందులోని ద్రవ్యములను మనవలె విఱిచి వెలిపుచ్చు శక్తి దాని కాలేయమునకు లేదు. మేము ఉప్పునీటితో తుడిచితిమి. ఇంతకన్న ముఖ్యము బాల్కనీ. పిల్లి ఎక్కడనుండి పడినను కాళ్ళపై నిలుచునని ధైర్యము చెప్పెదరు. అయిదు మాసములలో మేడలపైనుండి పడి తమయొద్దకు వచ్చిన 132 పిల్లులనుగూర్చి న్యూయార్కు పశువైద్యులు 1987లో వ్రాసిరి. వానిలో చాలవఱకు బ్రదికినవి. కాని పెక్కింటికి ఱొమ్ములో గాయములు, కొన్నింటికి దవడలు విఱుగుట తప్పలేదు. బాల్కనీకి వల కట్టించిన పిదపనే మేము చిట్టికి ఆ తలుపు తీసితిమి.

మూడవవారమున నివాసుల సంఘమునుండి కాగితము వచ్చినది. పదునైదు దినములలో పిల్లిని పంపివేయవలెను. లేనియెడల లిఫ్టు వాడుకకు నెలనెల ప్రత్యేక రుసుము చెల్లించవలెను. నెలకొకసారియైనను లిఫ్టెక్కని పిల్లికి లిఫ్టు రుసుము! ఆ రాత్రి అత్తగారు భోజనము చేయలేదు. "నేను దాన్ని తీసుకొని రాజమండ్రి వెళ్ళిపోతాను" అనిరి. అచ్చట ఉండుటకిప్పుడు ఇల్లు లేదు, అమ్మివేసితిమి.

మన దేశమున 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చుటకు నర్తకి రుక్మిణీదేవి అరుండేలు గారి పట్టుదల ముఖ్యకారణము. రాజ్యసభలో ఆమె తానుగా ఆ విషయమున బిల్లు ప్రవేశపెట్టిరి. ఆ చట్టము ననుసరించి 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ బోర్డునకు ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఆ బోర్డు 2015లో వెలువరించిన సూచనల ప్రకారము, సభ్యులలో ఎక్కువమంది తీర్మానించినను సంఘము పెంపుడు జంతువులను నిషేధింపరాదు. లిఫ్టు నిరాకరింపరాదు, అందుకు వేఱు రుసుము వసూలు చేయరాదు. ఇరుగుపొరుగువారికి బాధ కలుగకుండ చూచుట పెంచువారి విధియని కూడ అందు చెప్పబడినది, అదియు న్యాయమే. ఆ ప్రతిని, చిట్టికి వేయించిన టీకాల పుస్తకమును తీసికొని నేనే సమావేశమునకు వెళ్ళితిని. ఇసుకను ఎట్లు పాఱవేయుచున్నామని ఒకామె అడిగినది; మంచి ప్రశ్న. కాగితములో చుట్టి చెత్తబండిలో వేయుచున్నామని చెప్పితిని. కార్యదర్శిగారు ప్రతిని రెండుమార్లు చదివి, తమ కాగితమును వెనుకకు తీసికొనిరి. సంతోషముతో కాదు, అయినను తీసికొనిరి.

ఇప్పుడు చిట్టికి వంటిల్లు తప్ప ఇల్లంతయు తనదే. ఉదయము తలుపు తలుపునకు ముఖము రాచుచు తిరిగి, ఎండ వచ్చువేళకు వలప్రక్క కూర్చుండి పావురములను చూచును. అత్తగారు దాని ప్రక్కన కుర్చీ వేసికొని బియ్యమేరుదురు. వారి నోట "మన ఇల్లు" అన్నమాట వచ్చినచో అది రాజమహేంద్రవరపు పెంకుటిల్లే. ఇది "అబ్బాయి ఫ్లాటు". నేను సరిదిద్దుట లేదు.