చదివినవాడే తీగకు గుచ్చాలి

మా బరంపురం ఇంట్లో ఉత్తరాలకు రెండు చోట్లుండేవి. పోస్టుమాను ఇచ్చి వెళ్ళిన ఉత్తరం ముందు వీధిగదిలోని గూట్లోకి చేరేది. చదవడం అయిన తరువాత వంటింటి గుమ్మం పక్కన వ్రేలాడే ఇనుప తీగకు ఎక్కేది. గూట్లో ఉన్నది కొత్తది, తీగకున్నది పాతది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఇల్లు సర్దుతున్నానన్న ఉత్సాహంలో గూట్లోని కార్డును ఎవరూ చదవకుండానే తీగకు గుచ్చేశాను. అది మా పిన్ని సీమంతానికి రమ్మని వచ్చిన కార్డు. సీమంతం అయిపోయిన తరువాత గాని సంగతి బయటపడలేదు. అమ్మ కొట్టలేదు. “ఒరే, చదివినవాడే తీగకు గుచ్చాలిరా” అని మాత్రం అన్నది.

ఆ మాట విలువ నాకు 1996లో బెంగుళూరులో తెలిసివచ్చింది.

అప్పుడు నేనొక సంస్థలో కంప్యూటర్లు చూచుకొనే ఉద్యోగంలో ఉన్నాను. ఇంట్లో టెలిఫోను లేదు. మా యూనిక్సు యంత్రంలో ఒక్కొక్కరి ఈమెయిలుకు ఒక్కొక్క ఫైలు. వచ్చిన ఉత్తరాలన్నీ చిట్టా పుస్తకంలో పద్దుల వలె అందులో ఒకదాని క్రింద ఒకటి చేరేవి. ప్రతి ఉత్తరానికీ ముందు ‘ఫ్రం’ అన్న మాటతో ఒక పంక్తి ఉంటుంది. ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైనదో ప్రోగ్రాము దానినిబట్టే పోల్చుకొంటుంది.

మరి కొత్త ఉత్తరం వచ్చినదని దానికి తెలిసేదెట్లా? మాటిమాటికీ ఫైలంతా చదవడం దండుగ కదా! అందుకొక చిట్కా ఉన్నది. ఫైలులో చివరిసారి వ్రాసిన వేళ ఏది, చివరిసారి చదివిన వేళ ఏది అన్నది కంప్యూటరు గుర్తుపెట్టుకొంటుంది. వ్రాసిన వేళ తరువాతిదైతే కొత్త ఉత్తరం వచ్చినట్లు. చదివిన వేళ తరువాతిదైతే యజమాని చూచుకొన్నట్లు. మన ఆజ్ఞలు అందుకొనే ప్రోగ్రాము నిమిషానికొకసారి ఆ ఫైలు సంగతి విచారించి, కొత్తది ఉంటే మనకు చెబుతుంది. మనం కొన్ని ఉత్తరాలు తీసివేస్తే ఫైలును తిరిగి వ్రాయవలసి వస్తుంది. అది చూచి కొత్త ఉత్తరమని భ్రమపడకుండా, మంచి ప్రోగ్రాములు ఆ వేళలను మళ్ళీ సరిదిద్ది పెడతాయి.

చిట్కా బాగానే ఉన్నది. లోపమొక్కటే. చదివినదెవరో అది అడగదు.

ఒక బుధవారం రాత్రి పదకొండు గంటలకు, భువనేశ్వరంలో చదువుకొంటున్న మా మేనల్లుడు నాకు ఈమెయిలు పంపాడు. రెండు గంటలకు, రోజూ వలెనే, ఫైళ్ళన్నిటికీ నకలు తీసే ప్రోగ్రాము నడిచింది. నకలు తీయాలంటే చదవాలి కదా! దాంతో నా ఫైలుకు చదివిన వేళ రాత్రి రెండు గంటలయింది. ఉదయం నేను కూర్చోగానే యంత్రం “ఉత్తరాలున్నవి” అన్నదే గాని, “కొత్త ఉత్తరాలున్నవి” అనలేదు. పాతవన్నీ దాచుకొనే అలవాటు నాది, కనుక ఆ మాట రోజూ చూచేదే. ఆ రెండు రోజులూ పని ఒత్తిడిలో పెట్టె తెరవనేలేదు. ఆ నకలు ప్రోగ్రామును అక్కడ ఏర్పాటుచేసినవాణ్ణి నేనే.

శనివారం తెరిచాను. లోపల ఆ ఉత్తరం పక్కన ‘కొత్తది’ అన్న గుర్తు అలాగే ఉన్నది. పైనుంచి చూచి చెప్పినది అబద్ధం, లోపల ఉన్నది నిజం. “మామయ్యా, అమ్మమ్మకు జ్వరం తగ్గడం లేదు. నిన్నే అడుగుతోందట. వెంటనే బయలుదేరు” అని వ్రాశాడు.

మద్రాసులో రైలు మారి బరంపురం చేరేసరికి అమ్మకు మాట పడిపోయింది. ముందురోజు వరకు మాట్లాడుతూనే ఉన్నదట. నా చేయి పట్టుకొన్నది. నాలుగోనాడు వెళ్ళిపోయింది. ఏమి చెప్పదలచినదో నాకు తెలియదు.

ఈ లోపం నా ఒక్కడికే తగిలినది కాదు. డేనియల్ బెర్న్‌స్టీన్ అనే ఆయన 1990ల నడుమ తన క్యూమెయిల్ ప్రోగ్రాము కోసం వేరొక పద్ధతి తెచ్చాడు. అందులో ఒక్కొక్క ఉత్తరానికి ఒక్కొక్క ఫైలు. వచ్చినది ‘కొత్తవి’ అన్న అరలో పడుతుంది. ఉత్తరాలు చూపే ప్రోగ్రాము దానిని అందుకొన్నప్పుడు రెండవ అరకు మారుస్తుంది. నకలు తీసేవాడు ఎన్నిసార్లు తాకినా దాని చోటు మారదు. అది చదివినప్పుడు నాకు మా గూడూ, తీగా కళ్ళకు కట్టినవి. కంప్యూటరు పేరైనా వినని అమ్మ ఇంట్లో ఆ ఏర్పాటు ఎప్పటినుంచో ఉన్నది!

ఈనాడు మన చేతిలోని ఫోను ఉత్తరం వచ్చిందని గంట కొట్టి మరీ చెబుతుంది. అయినా ప్రతి ఉదయం ఒకసారి పెట్టె తెరిచి నేనే చూచుకొంటాను. మన పిల్లలు ఊళ్ళు దాటి, దేశాలు దాటి ఉన్నారు. వారి దగ్గరనుంచి గంట మ్రోగలేదు గనుక అంతా క్షేమమే అనుకొనవద్దని తోటివారికి నా మనవి.

అమ్మ తీగ ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నది. దానికి క్రొత్తగా గుచ్చినది ఒక్కటే. మేనల్లుడి ఆ ఉత్తరాన్ని కాగితం మీద అచ్చు తీసి, చదివి, నా చేతులతో నేనే గుచ్చాను.