చేతికందే సొరుగు

తాబేలు తన ఇల్లు తానే మోసుకొని తిరుగుతుంది. అమెరికావారికీ ఆ ముచ్చట ఉన్నది. పడక, పొయ్యి, స్నానపు గది అమర్చిన బండిని వారు మోటార్‌హోమ్ అంటారు. నేను చరగృహం అంటాను. మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్న మా అబ్బాయి కొన్నది 1976 నాటి జి.ఎం.సి. బండి, 26 అడుగుల పొడవు. ఆ రాష్ట్రంలోని పాంటియాక్ నగరంలోనే, 1973 మొదలు 1978 వరకు, ఇవి తయారయ్యాయి.

ఇంజనుకు బ్యాటరీ వేరు, ఇంటి దీపాలకూ నీటి పంపుకూ బ్యాటరీలు వేరు. ఈ రెండవ రకానివి 6 వోల్టులవి రెండు. వరుసగా కలిపితే 12 వోల్టులు. పాత యజమాని వాటిని వెనుక మంచం క్రింది అరలో, లోపలి గోడ దాకా నెట్టి బిగించాడు. నీటిమట్టం చూడాలంటే నేలపై పడుకొని, ఒక చేత టార్చిలైటు, ఒక చేత అద్దం పట్టుకోవాలి. కనుక ఎవరూ చూడలేదు. నీరు ఇగిరి, సీసపు పలకలు బయటపడి, బ్యాటరీలు చెడిపోయాయి. అంతకంటె భయం మరొకటి. ఛార్జి అయ్యేటప్పుడు వీటి నుండి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్ళు చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ మంచం మీద పడుకునేది నా మనుమరాలు.

"లిథియంవి పెట్టరాదా?" అని అడిగాను.

"గడ్డకట్టే చలిలో వాటిని ఛార్జి చేయకూడదు నాన్నగారూ. పాత ఛార్జరు కూడా మార్చవలసి వస్తుంది" అన్నాడు.

అందుచేత బండి ప్రక్కతలుపు గుండా బయటికి జరిగే ట్రే చేయ నిశ్చయించాడు. సొరుగు అనే చక్కని మాట మనకుండగా ట్రే ఎందుకు?

ఒక్కొక్క బ్యాటరీ 28 కిలోలు. సొరుగు పూర్తిగా లాగినప్పుడు ఆ 56 కిలోలూ పట్టాల మీద వ్రేలాడతాయి. కనుక రెట్టింపు బరువు మోయగల బేరింగు పట్టాలు తెచ్చి, పలుచని రేకుకు కాక బండి ఉక్కు చట్రానికే బోల్టులతో బిగించాడు. మలుపులో బరువు ప్రక్కకు దూకజూస్తుంది. అందుకని రెండు గడియలు. తీగలు సొరుగుతో పాటు సాగాలి, దేనికీ రాసుకోకూడదు. వాటికి వదులుగా వంపు వదిలి, పైన తొడుగు వేశాడు. ధనధ్రువం చెంతనే ఫ్యూజు. హైడ్రోజన్ గాలికంటె తేలిక గనుక మూతపెట్టె పైభాగం నుండి బయటికి గొట్టం. తీగలు విప్పేటప్పుడు ఋణధ్రువం ముందు, బిగించేటప్పుడు చివర. అప్పుడు పానా పొరపాటున బండి ఇనుముకు తగిలినా మెరుపు పుట్టదు.

నేను తెలుగు పండితుడిగా పనిచేసిన పాఠశాలలో పుస్తకాల బీరువాకు తాళం, తాళంచెవి మరొక గదిలో ఉండేవి. పుస్తకాలు భద్రంగా ఉన్నాయనుకున్నారు, చెదలు తిన్నాయి. మిగిలినవాటిని వరండాలో బల్లమీద పరచిన తరువాత పుటల అంచులు నలిగాయి గాని చెదలు మళ్ళీ రాలేదు. చేతికందనిది క్రమంగా మనసుకూ అందకుండా పోతుంది. శ్రద్ధ లేదని మనుషులను నిందిస్తాం. అడ్డుగా ఉన్న గోడను ఎవరూ నిందించరు.

ఇప్పుడు నెలకొకసారి, ఛార్జి నిండిన పిమ్మట, మా కోడలు కళ్ళద్దాలూ చేతితొడుగులూ ధరించి, సొరుగు లాగి, స్వేదనజలం పోస్తుంది. మనుమరాలు దూరంగా నిలబడి నోటుపుస్తకంలో తేదీ వేస్తుంది, తెలుగులో.